కొలువు దిగిన ఇంజను

ముందుగా ఒక మాట. నేను ఇంతవరకూ ఏదీ రాసి ఎరగను. అయిదో తరగతితో నా బడి అయిపోయింది, ఆ తర్వాత కలం పట్టింది సంతకానికే. మా మనవరాలు వాళ్ళమ్మతో కలిసి దూరపు ఊరు వెళ్ళింది. కథ లేనిదే దానికి కన్ను మూతపడదు. ఫోనులో చెబుదామంటే నాకు గొంతు పెగలదు, ఎవరో పక్కనుంచి వింటున్నట్టు బెరుగ్గా ఉంటుంది. అందుకని నోటితో చెప్పినట్టే కాగితం మీద పెడుతున్నాను. వాళ్ళమ్మ పక్కన పడుకుని చదివి వినిపిస్తుంది. తప్పులుంటే అక్కడికక్కడే దిద్దుకుని చదువు తల్లీ.

అమ్మడూ, దుప్పటి కప్పుకున్నావా? కాళ్ళు లోపల పెట్టుకో. ఊఁ కొట్టడం మాత్రం మానొద్దు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో జనం కంటే ముందు రైలు పట్టాలొచ్చాయి. నాలుగు దిక్కుల నుంచీ వచ్చి అక్కడ కలుసుకున్నాయి. పట్టాల వెనక స్టేషను, స్టేషను వెనక ఇళ్ళు, ఇళ్ళ వెనక మనుషులు వచ్చారు. అందుకే ఆ ఊళ్ళో కోడి కూతకు ఎవరూ లేచేవాళ్ళు కాదు, ఇంజను కూతకు లేచేవాళ్ళు.

ఆ ఊళ్ళో యతిరాజులని ఒక ఇంజను డ్రైవరు ఉండేవాడు. ఆయన భార్య పేరు ఆండాళు. ఆండాళు నోట్లో నాలుక లేని మనిషి. ఏదైనా కావాలంటే మనసులోనే అడుక్కుని, మనసులోనే వద్దులే అనుకునేది.

యతిరాజులుకు పగలూ రాత్రీ పెద్ద రైలు నడిపింది చాలలేదు. చిన్న రైళ్ళంటే కూడా పిచ్చి. కొత్తవి కాదు, పాతవి. ఎంత పాతదైతే అంత ముద్దు.

ఒకటి మద్రాసు పాత సామాన్ల అంగట్లో దొరికింది. రేకు ఇంజను. పక్కన తాళంచెవి తిప్పితే గిరగిర తిరిగేది. రెండోది ఆ ఊరి బళ్ళో పాఠాలు చెప్పిన దొరసానమ్మ ఊరు విడిచి పోతూ ఇచ్చింది. ఇత్తడి ఇంజను. కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే నిజంగానే ఆవిరి వదిలేది. మూడోది రైల్వే షెడ్డులో వడ్రంగం చేసిన ముసలాయన దగ్గర తెచ్చుకున్నాడు. టేకు పెట్టెలు. ఒక్కో పెట్టెలో అగ్గిపుల్లంత బెంచీలు, వాటికి గోరంత కిటికీలు.

ఆ తర్వాత ఇంకా వచ్చాయి. ముందుగదిలో గోడ పొడుగునా చెక్క పలకలు కొట్టించి, వాటి మీద సన్నటి పట్టాలు పరిచి, రైళ్ళన్నిటినీ వరసగా నిలబెట్టాడు. కుట్టుమిషను నూనెలో గుడ్డ ముంచి చక్రాలు తుడిచేవాడు. పైన రంగు పెచ్చులూడినా మళ్ళీ రంగు వేయనిచ్చేవాడు కాదు. "దాని ముసలితనం దానికి అందం" అనేవాడు.

వచ్చినవాళ్ళు ఎవరైనా "భలే బొమ్మలండీ" అన్నారనుకో, ముఖం గంటు పెట్టుకునేవాడు.

"బొమ్మలు కాదు. నమూనాలు. పెద్ద ఇంజనుకున్న మరలన్నీ దీనికీ ఉన్నాయి, చూసుకోండి."

ఊఁ అన్నావా? అను మరి.

ఆండాళుకు కూడా పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొమ్మలున్నాయి. మట్టి దశావతారాలు, అంగడి పెట్టుకు కూర్చున్న శెట్టిగారూ శెట్టమ్మా, ఎర్రచందనంతో చెక్కిన మరపాచి ఆలుమగలు. పెళ్ళైన కొత్తల్లో దసరాకు మెట్లు కట్టి కొలువు పెట్టేది. గోడంతా రైళ్ళు వచ్చాక కొలువుకు చోటు లేకపోయింది. ఆమె అడగలేదు, ఆయనకు తోచలేదు. బొమ్మలు ట్రంకుపెట్టెలో గుడ్డల్లో చుట్టుకుని అటక మీద ఉండిపోయాయి.

అలా ఉండగా యతిరాజులుకు వయసైంది, రైల్వే వాళ్ళు ఇక చాలు ఇంటికి పొమ్మన్నారు. దండలు వేశారు. బాజాలు వాయించారు. శాలువా కప్పి చేతిలో ఒక గోడ గడియారం పెట్టి, జీపులో ఇంటి దగ్గర దింపి పోయారు.

అప్పుడు మొదలైంది కష్టం. ఆయనకు నిద్ర పట్టడం మానేసింది.

బతుకంతా రాత్రి బళ్ళు నడిపిన మనిషి. మంచం మీద వాలేవాడు, దూరంగా ఏ బండో కూత వేసేది, లేచి కూర్చునేవాడు. గూడ్సా, ప్యాసెంజరా, ఎంత ఆలస్యంగా వస్తోంది, అన్నీ కూతను బట్టి చెప్పేవాడు. తర్వాత వెళ్ళి రైళ్ళ ముందు కూర్చునేవాడు. ఇక తెల్లవారే వరకూ అంతే. ఆయన లేస్తే ఆండాళూ లేచేది. ఆయనకు తెలియకుండా తలుపు చాటున కూర్చునేది.

ఒకనాడు ధైర్యం చేసి అడిగింది. "ఎందుకండీ పడుకోరు?"

"కన్ను మూస్తే సిగ్నలు దాటిపోతుందేమోనని ఉంటుందే ఆండాళూ."

"ఇప్పుడు సిగ్నలు ఎక్కడుందండీ?"

"లేదని నాకూ తెలుసు. కళ్ళకు తెలియడం లేదు."

నెలలు గడిచాయి. యతిరాజులు ముఖం పీక్కుపోయింది. చేతులు వణకడం మొదలైంది. ఇత్తడి ఇంజను తుడవబోయి జారవిడిచాడు. ఒక మధ్యాహ్నం కొబ్బరినూనెకని అంగడికి పోయినవాడు దీపస్తంభం పట్టుకుని నిలబడి, ఎందుకొచ్చాడో తెలియక చూస్తుంటే, తెలిసినవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, ఆండాళును పక్కకు పిలిచాడు.

"మాత్రలు ఇవ్వగలిగినన్ని ఇచ్చానమ్మా. ఇంకా ఇస్తే అవే చేటు. ఆయన గుండె అలిసిపోతోంది. నిద్ర దానంతట అది రావాలి. రాకపోతే మనిషి మనకు దక్కడు."

ఆండాళు సరేనని తల ఊపింది. ఇంటికొచ్చి, పెరట్లో బట్టలు ఉతుకుతున్నట్టుగా కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన్ను ఎలాగైనా నిద్రపుచ్చాలని పూనుకుంది.

మొదట గసగసాలు నూరి పాలల్లో కాచి ఇచ్చింది. యతిరాజులు గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, "రుచిగా ఉందే, ఇంకొంచెం ఉందా?" అన్నాడు. నిద్ర మాత్రం రాలేదు.

అప్పుడు ఆముదం గోరువెచ్చగా కాచి అరికాళ్ళకు మర్దనా చేసింది. మాడుకు పట్టించింది. ఆయన మంచం దిగి రైళ్ళ దగ్గరికి పోతే ఆముదం అడుగులు గదంతా పడ్డాయి. పొద్దున్నే ఆమె వాటి మీద జారింది. నిద్ర రాలేదు.

మూడో ఉపాయం ఆమె ఆడపడుచు చెప్పింది. యతిరాజులు అక్క వకుళమ్మ రెండు వీధుల అవతల ఉండేది. నోరు పెద్దది, మనసూ పెద్దదే.

"వాడి నిద్ర ఎత్తుకుపోయింది ఆ రైళ్ళేనే. కళ్ళెదుట డ్యూటీ పెట్టుకుని నిద్రపో అంటే ఎట్లా పోతాడు? గంపలకెత్తి మా ఇంటికి పంపు. కనపడకపోతే మరిచిపోతాడు."

"ఆయన బాధపడతారేమో వదినా."

"బాధపడి నిద్రపోతే పోనీలే."

గంపలకెత్తి పంపారు. యతిరాజులు వట్టి పలకల ఎదుట కూర్చున్నాడు. అది చూసి ఆండాళుకు భయమేసింది. అన్నం ముందు పెడితే కలిపి వదిలేశాడు. అంతకు ముందు తెల్లవారే ముందైనా ఒక కునుకు తీసేవాడు, ఇప్పుడు అదీ పోయింది.

రైళ్ళను మళ్ళీ గంపలకెత్తించి వకుళమ్మే తీసుకొచ్చింది.

"ఇదుగో నీ ఆస్తి. మా ఇంట్లో నాకే నిద్ర పట్టలేదు. ఎటు తిరిగి పడుకున్నా ఏదో ఒక ఇంజను నన్నే చూస్తోంది."

యతిరాజులు ఆ పూట అన్నం తిన్నాడు.

వింటున్నావా అమ్మడూ? పక్కకు తిరిగి పడుకుని విను.

ఇంతలో దసరా వచ్చింది. గోడకు సున్నం కొట్టించాలని, వకుళమ్మ మాట మీద, ఆండాళు అప్పటికే పలకలు ఊడదీయించింది. సున్నం ఆరేదాకా వాటిని మళ్ళీ కొట్టే వీలు లేదు. రైళ్ళన్నీ గంపల్లోనే ఉన్నాయి. ఆయన గంపల చుట్టూ తిరుగుతున్నాడు. ఆండాళు గోడకు ఆనించిన పలకలను చూసింది. అటక వైపు చూసింది. ఆ తర్వాత జీవితంలో మొదటిసారి, ఎవరినీ అడక్కుండా ఒక పని చేసింది.

బియ్యం డబ్బాలు, పప్పుల డబ్బాలు తెచ్చి ఎత్తులుగా పేర్చింది. వాటి మీద పలకలు వేసింది. మెట్లు తయారయ్యాయి. మెట్ల మీద తెల్ల పంచె పరిచింది. ట్రంకుపెట్టె దింపింది. పైమెట్టు మీద కలశం, కింద దేవుళ్ళు, వాళ్ళ కింద శెట్టి దంపతులు. మిగిలిన మెట్లన్నీ చూపించి, "రైళ్ళను ఇక్కడ పెట్టుకోండి" అంది.

యతిరాజులు ముఖం మారింది. "బొమ్మల కొలువులోనా? నా రైళ్ళు బొమ్మలా?"

"పది అవతారాలెత్తిన దేవుడే బొమ్మై కూర్చుంటున్నాడు. మీ ఇంజనుకేం నామోషీ?"

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. అనేసి వంటింట్లోకి పారిపోయింది. తొంగి చూస్తే ఆయన గంప విప్పుతున్నాడు.

ఆ తొమ్మిది రోజులూ ఇల్లు వేరుగా ఉంది. మెట్ల మీద పట్టాలు పడ్డాయి. శెట్టిగారి అంగడి పక్కన స్టేషను లేచింది. మరపాచి ఆలుమగల్ని ఆయన టేకు పెట్టె బెంచీ మీద కూర్చోబెట్టాడు. బండి కుదుపుకు పడిపోతారని దారంతో కట్టాడు కూడా. సాయంత్రం పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు గుగ్గిళ్ళు తింటూ ఒకటే నవ్వులు.

"దశావతారాలన్నీ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయే, ఎక్కడికి ప్రయాణం ఆండాళక్కా?"

"తిరుపతికి, దర్శనానికి" అన్నాడు యతిరాజులు.

"దేవుడే దర్శనానికి పోతే మనమెక్కడికి పోవాలి సామీ?"

ఎవరు బొమ్మలన్నా ఆయన ముఖం గంటు పెట్టుకోలేదు. అందరికీ తాళంచెవి తిప్పి చూపించాడు. కానీ నిద్ర మాత్రం రాలేదు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆండాళు లోలోపల లెక్క వేసుకుంటూనే ఉంది, ఈ పండగ అయితే ఇక తన దగ్గర ఏ ఉపాయమూ లేదని.

విజయదశమి వచ్చింది. ఆ రోజు కొలువుకు ఒక ముచ్చట ఉంది. సాయంత్రం చివరి హారతి ఇచ్చాక, కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టాలి. అన్ని రోజులూ నిలబడి అలిసిపోయింది గదా, అది పడుకుంటే కొలువు ముగిసినట్టు. మర్నాడు బొమ్మలన్నిటినీ దింపి పెట్టెలో పెట్టుకోవచ్చు. పడుకోబెట్టకుండా దించకూడదు.

యతిరాజులు జమ్మి ఆకు కోసం గుడికి వెళ్ళాడు. ఇంట్లో ఆండాళు, వకుళమ్మ హారతి ఇచ్చారు. ఎప్పుడూ పడుకోబెట్టేది మరపాచి బొమ్మనే. ఆండాళు టేకు పెట్టెలో చెయ్యి పెట్టింది. బొమ్మ రాలేదు. ఆయన కట్టిన ముడి అది, రైల్వే ముడి. లాగితే బిగుసుకుంటోంది.

"ఏం చేస్తున్నావే, హారతి కొండెక్కుతోంది" అంది వకుళమ్మ.

"ముడి రావడం లేదు వదినా."

"ఏదో ఒకదాన్ని పడుకోబెట్టు. కర్పూరం అయిపోతోంది."

ఆండాళు చెయ్యి కంగారులో పక్కకు పోయింది. అంచున ఉన్న ఇత్తడి ఇంజను తగిలింది. దాన్ని మెల్లగా పక్కకు ఒరిగించి, తెల్ల పంచె కొస కప్పింది. అమ్మ దగ్గర నేర్చుకున్న మాటలు అంది.

"కొలువుకొచ్చిన తండ్రీ, నిలబడి అలిసిన తండ్రీ, కాళ్ళు చాపుకో, కళ్ళు మూసుకో."

కర్పూరం ఆరింది. సరిగ్గా అప్పుడే యతిరాజులు గడప లోపలికి అడుగుపెట్టాడు. చేతిలో జమ్మి ఆకులు. కొలువు వైపు చూశాడు. ఆకులు జారి కింద పడ్డాయి.

"ఇంజను ఒరిగింది" అన్నాడు.

గబగబా వచ్చి దాన్ని ఎత్తబోయాడు. ఆండాళు ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. వకుళమ్మ నోరు తెరుచుకుని చూసింది, ఎందుకంటే ఆండాళు ఆయన చెయ్యి పట్టి ఆపడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఎత్తకండి. పడుకోబెట్టాను."

"ఇంజను పడుకోదే. ఇంజను పక్కకు పడితే దాన్నేమంటారో తెలుసా? యాక్సిడెంటంటారు."

"మీ షెడ్డు సంగతి నాకు తెలియదు. మా కొలువులో మాత్రం పని అయిపోయిందంటారు. ఇన్నాళ్ళూ కళ్ళు తెరుచుకుని నిలబడింది గదండీ. పడుకోబెట్టందే కొలువు దించకూడదు. దించితే అది దిగినట్టు కాదు. పెట్టెలో పెట్టినా మెలకువగానే ఉంటుందని మా అమ్మ చెప్పేది."

యతిరాజులు చెయ్యి ఆమె చేతిలోనే ఆగిపోయింది.

కొలువంటే ఉద్యోగం కూడా కదా అమ్మడూ. ఆండాళు అన్నది బొమ్మల కొలువు. ఆయనకు వినపడింది మాత్రం తన రైల్వే కొలువు.

"పడుకోబెట్టకుండా దించితే మెలకువగానే ఉంటుందా?" అని అడిగాడు.

"అంటారు మరి."

"నన్ను దించిన రోజు ఏం చేశారే ఆండాళూ?"

"దండ వేశారు."

"ఇంకా?"

"బాజాలు వాయించారు. గోడ గడియారం ఇచ్చారు."

"నిద్రపోవాల్సిన వాడికి గడియారం ఇచ్చిన ఘనులు" అంది వకుళమ్మ. ఆ తర్వాత ఆమె గొంతు కూడా తగ్గింది. "అయితే నిలబడే ఉన్నావురా తమ్ముడూ. ఆండాళూ, ఇంజనుతో పాటు వీణ్ణి కూడా పడుకోబెట్టు."

ఆమె సగం వేళాకోళంగా అంది. ఆండాళు మాత్రం వేళాకోళంగా తీసుకోలేదు. కొలువు ముందు చాప పరిచింది. దిండు వేసింది. మళ్ళీ కర్పూరం వెలిగించి, ఆయన ముఖం ముందు హారతి తిప్పింది. ఆయన చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. ఆ తర్వాత చాప మీద ఒరిగాడు. ఆమె దుప్పటి కప్పింది.

ఇప్పుడు మాటలు అనాలి. ఇంజనుకైతే అనేసింది. మొగుడికి ఎట్లా అంటుంది? అందులో ఆడపడుచు ఎదురుగా. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. వకుళమ్మ అది చూసి, "నాకు పొయ్యి మీద పనుంది" అని, లేని పని మీద వంటింట్లోకి పోయింది.

అప్పుడు ఆండాళు ఆయన కళ్ళ మీద అరచెయ్యి పెట్టింది.

"కొలువు చేసిన సామీ, నిలబడి అలిసిన సామీ. సిగ్నలు పడింది. బండి చేరిపోయింది. అందరూ క్షేమంగా దిగిపోయారు. కాళ్ళు చాపుకో, కళ్ళు మూసుకో."

బండి గురించి ఆమె అమ్మ చెప్పలేదు. అది ఆమెకే తోచింది.

యతిరాజులు కనురెప్పలు ఆమె అరచేతి కింద కాసేపు కొట్టుకున్నాయి. "అందరూ దిగారా?" అన్నాడు.

"దిగారు. నేను చూశాను."

రెప్పలు కొట్టుకోవడం ఆగింది. చేతుల వణుకు ఆగింది. ఎంతకూ అలికిడి లేకపోయేసరికి వకుళమ్మ కంగారుగా వచ్చి, తమ్ముడి ముక్కు కింద వేలు పెట్టి చూసింది.

అప్పుడు గుర్రుమని ఒక గురక వచ్చింది. వెనకాలే ఇంకొకటి. ఆ తర్వాత అదే పనిగా, ఎత్తు ఎక్కుతున్న గూడ్సు బండిలా.

ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వాళ్ళకే తెలియలేదు. దూరంగా నిజం బండి కూత వేసుకుంటూ వచ్చింది. ఆండాళు చప్పున ఆయన ముఖం చూసింది. ఆయన ఒక్కసారి చప్పరించి, పక్కకు తిరిగి పడుకున్నాడు.

"ఏ బండో చెప్పకుండా పంపించాడే" అని గుసగుసలాడింది వకుళమ్మ. "ఇక గండం గడిచినట్టే."

మర్నాడు తెల్లవారింది. ఎండ గడప దాటి చాప మీదకొచ్చింది, యతిరాజులు లేవలేదు. ఆండాళు పాలవాణ్ణి వీధి మొదట్లోనే ఎదురుపోయి ఆపింది, కేక వేస్తాడని. లోపలికొచ్చి తలుపు చేరవేసింది. కొలువు దించాలని ముందు కూర్చుని, మట్టి బొమ్మను ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. మళ్ళీ అక్కడే పెట్టేసింది. పొయ్యి వెలిగించలేదు. కాఫీ కలపలేదు. చాప పక్కన నేల మీద చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగింది, ఒరిగిందే తడవు నిద్రపోయింది. అన్ని నెలలుగా ఆమె కూడా మేలుకునే ఉందని, అప్పుడు గానీ ఆమెకే తెలియలేదు.

చుక్‌చుక్ బండి షెడ్డుకు పాయె,
చక్కని కథేమో కంచికి పాయె,
చల్లని వెన్నెల వాకిట నిలిచె,
మన ఇంటి పాపకు నిద్దర వచ్చె.